దయచేసి సేవ అనకండి

సరదాకు సొంత సైటు నడిపేవాడు ఏదో ఒకనాటికి ఎందుకు ఉడిగిపోతాడు? ఈ ప్రశ్నకు మన బ్లాగు మిత్రులు సాధారణంగా చెప్పే కారణాలు మూడు. తీరిక ఉండదు, పైసా రాదు, చదివేవాడు ఉండడు. ఇరవై ఏళ్ళకు పైబడి పాత తెలుగు సినిమాల పేర్లపట్టికల సైటొకటి నడిపిన అనుభవంతో చెబుతున్నాను, ఈ మూడింటిలో ఏదీ అసలు కారణం కాదు. తీరిక లేనివాడు వారానికి బదులు నెలకొకసారి కూర్చుంటాడు. పైసా రాదన్న సంగతి మొదటిరోజే తెలుసు. ఇక చదివేవాడు లేకపోవడమంటారా, అదొక రకం స్వర్గం. ఆ రోజుల్లో నాకు విసుగంటే ఏమిటో తెలియదు. చదివేవారు వచ్చి, చేతులు జోడించి, "మీరు చేస్తున్నది గొప్ప సేవ" అన్ననాడు మొదలవుతుంది అసలు కథ.

ఈ మాట కృతఘ్నతలా వినిపించవచ్చు. కాస్త ఓపిక పడితే నా వాదన చెబుతాను.

ముందుగా సైటు సంగతి. పాత సినిమా పాటల పుస్తకాలు మీలో చాలామంది చూసే ఉంటారు. హాలు గుమ్మం దగ్గర చిల్లర డబ్బులకు అమ్మేవారు. అట్టమీద నాయికానాయకులు, లోపల పాటలు, సంక్షిప్త కథ. ఆ కథ సరిగ్గా చిక్కుముడి బిగిసిన చోట ఆగిపోయి, "శేషం వెండితెరపై" అని ఊరించేది. అందరూ పాటల కోసం కొనేవారు. నా కన్ను మాత్రం పేర్ల పుట మీద ఉండేది. నటీనటులు, సాంకేతిక నిపుణులు, వారి కింద చీమతలంత అక్షరాల్లో సహాయకులు. సహాయ దర్శకులు, కెమెరా సహాయకులు, ఎడిటింగు సహాయకులు, దుస్తులు, మేకప్, స్టిల్స్. తెరమీద ఆ పేర్లు పడే వేళకు జనం ఇంకా చీకట్లో కుర్చీలు తడుముకుంటూ ఉండేవారు. నా సైటు ఆ చీమతలల కోసమే పుట్టింది. ఆదివారాలు ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద ఏరినవి, బంధువుల అటకలమీంచి దింపినవి, మిత్రులు ఊళ్ళనుంచి పంపినవి, అన్నీ కలిపి రెండు ట్రంకుపెట్టెల పుస్తకాలు.

ఆ పట్టికలను మూడుసార్లు టైపు చేశాను. మొదట ఆర్.టి.ఎస్.లో, అంటే ఇంగ్లీషు అక్షరాల తెలుగులో. తరువాత తిక్కన ఖతిలో. ఆ ఖతి లేని కంప్యూటరులో సముద్రాల రాఘవాచార్యుల పేరు కూడా పిచ్చిగీతల్లా కనిపించేది. చివరికి యూనికోడులో. 2009 అక్టోబరులో యాహూవారు జియోసిటీస్‌ను మూసివేసినప్పుడు మూటాముల్లె సర్దుకుని మరొక ఉచిత సత్రానికి చేరాను. మనలో పాతకాపులకు ఆ వలస బాగా గుర్తుండే ఉంటుంది. ఇదంతా శ్రమే. రాత్రి పదింటికి కూర్చుంటే ఒంటిగంట కొట్టేది. అయినా పొద్దున లేచి హుషారుగా ఆఫీసుకు వెళ్ళేవాణ్ణి. శ్రమ మనిషిని అలసటకు గురిచేస్తుంది గాని ఉడిగించదు అనడానికి ఇదే నా సాక్ష్యం.

బర్నౌట్ అన్న మాటను అలసట అని తెలుగు చేస్తే చాలదు. అలసినవాడు పడుకుని లేస్తే తేరుకుంటాడు. ఇది నిద్రతో పోయేది కాదు. చేయగల శక్తి ఉండి, చేయాలన్న కోరిక ఉడిగిపోవడం. విచిత్రమేమిటంటే, ఈ మాటను మనస్తత్వశాస్త్రంలోకి తెచ్చినాయన జీతగాళ్ళను చూసి తేలేదు. హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే న్యూయార్కు మనస్తత్వవేత్త పగలు సొంత ప్రాక్టీసు చూసుకుని, రాత్రిళ్ళు ఒక ఉచిత వైద్యశాలలో పనిచేసేవాడు. అక్కడ పైసా ఆశించకుండా పనిచేస్తున్నవారు ఒక్కొక్కరే ఆరిపోవడం చూశాడు, తానూ ఆరిపోయాడు. 1974లో దానిమీద వ్యాసం రాశాడు. ఎక్కువ అంకితమైనవారే ముందుగా ఈ గోతిలో పడతారన్నది ఆయన గమనించిన విషయం. అటువంటి మాటకు 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల వర్గీకరణలో నిర్వచనం ఇస్తూ, ఇది ఉద్యోగానికి సంబంధించినది మాత్రమేననీ, జీవితంలోని తక్కిన రంగాలకు వాడరాదనీ గిరి గీసింది. ఉచిత వైద్యశాలలో పుట్టిన బిడ్డను ఆఫీసులవారు దత్తత చేసుకున్నారన్నమాట. మనబోటి వాళ్ళకు సెలవుచీటీ రాసిచ్చే దిక్కు లేదు.

సరే, ఇక మా ప్రాంతానికి వస్తాను. ఎందుకంటే నా అనుభవానికి ఈ ప్రాంతంతో గట్టి ముడి ఉంది.

మా ఇల్లు షేక్‌పేట వైపు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఫిల్మ్‌నగర్ మీదుగా జూబ్లీహిల్స్ చెక్‌పోస్టుకు రోజూ రాకపోకలు. రాళ్ళగుట్టల మీద స్టూడియోలు, రికార్డింగు థియేటర్లు, కంపెనీ ఆఫీసులు, ఫిల్మ్ ఛాంబరు, గుడి, క్లబ్బు, అన్నీ నా కళ్ళముందే. 1976లో అక్కినేని అన్నపూర్ణ స్టూడియో పెట్టిన తరువాత, ఎనభైలలో తొంభైలలో మద్రాసునుంచి పరిశ్రమ కొద్దికొద్దిగా ఇక్కడికి తరలివచ్చింది. మనుషులు వచ్చారు, కెమెరాలు వచ్చాయి, కంపెనీ పేర్లు వచ్చాయి. కాగితం రాలేదు. పాండీబజారు చుట్టుపక్కల ఆఫీసులు ఖాళీ చేసినప్పుడు ఎన్ని జీతాల చిట్టాలు, ఎన్ని కాల్‌షీట్లు, ఎన్ని ఒప్పందాలు తూకానికి వెళ్ళి ఉంటాయో ఊహించుకోవలసిందే.

ఈ పరిశ్రమకు తన పుట్టినరోజు కూడా చాలాకాలం సరిగా తెలియదు. తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' 1931 సెప్టెంబరు 15న విడుదలైందని దశాబ్దాల తరబడి రాసుకున్నాం, పండగలు చేసుకున్నాం. అది 1932 ఫిబ్రవరి 6న విడుదలైందని పాత పత్రికలూ సెన్సారు వివరాలూ తవ్వి తేల్చింది ఏ సంస్థా కాదు, రెంటాల జయదేవ అనే ఒక్క పాత్రికేయుడు. 2007 జనవరిలో వజ్రోత్సవాలు జరిగాయి. ఎవరు లెజెండు, ఎవరు సెలెబ్రిటీ అన్న గొడవ ఊరందరికీ జ్ఞాపకం. ఫలానా సినిమాకు రెండవ ఎడిటింగు సహాయకుడు ఎవరని అడిగితే ఒక పెట్టె తీసి చూపించే గది మాత్రం ఈ గుట్టలమీద నాకు ఇంతవరకు కనిపించలేదు. 2019 డిసెంబరులో అన్నపూర్ణ స్టూడియోలో ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ వారు సినిమాలను భద్రపరిచే పద్ధతుల మీద వర్క్‌షాపు నిర్వహించారు. మంచి పనే. అది రీళ్ళకు సంబంధించినది. నేను మాట్లాడుతున్నది పేర్ల గురించి.

గది లేని చోట జనం ఎవరి గుమ్మం తొక్కుతారు? సరదాకు సైటు పెట్టుకున్నవాడి గుమ్మమే.

మొదట వచ్చిన ఉత్తరాలు ముచ్చటగా ఉండేవి. 'దేవదాసు' (1953) పాటలు టైటిల్స్‌లో సముద్రాల పేరిట ఉన్నాయి. వాటిలో కొన్ని మల్లాది రామకృష్ణశాస్త్రి గారివన్న మాట ఏనాటినుంచో వినబడుతోంది. నేను పాటల పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు పెట్టాను. ఇరుపక్షాల అభిమానులూ నాకు రాశారు. పుస్తకంలో ఏముందో చెప్పడం నా పని, పుస్తకం వెనక ఏం జరిగిందో తేల్చడం కాదని ఎంత విన్నవించుకున్నా వినేవారేరీ? అయినా అదొక వినోదం. ఒకసారి ఒక టీవీ ఛానెల్ నా పట్టికలనుంచి ముప్పై అయిదు పేర్లు, నేను పెట్టిన ప్రశ్నార్థకాలతో సహా ఎత్తుకుని తెరమీద వేసింది. రెండు రోజులు ఒళ్ళు మండింది, మూడోనాడు నవ్వొచ్చింది. ఇవేవీ మనిషిని ఉడిగించేవి కావు. చెప్పుకుని నవ్వుకోగలిగినది ఏదీ ఉడిగించదు.

2014లో కృష్ణానగర్ నుంచి ఒకావిడ వచ్చింది. చెక్‌పోస్టుకు అటువైపు ఉన్న కృష్ణానగర్ గురించి తెలియనివారికి ఒక మాట. పరిశ్రమకు కావలసిన లైట్‌మెన్లు, జూనియర్ ఆర్టిస్టులు, సహాయకులు, అవకాశం కోసం ఊళ్ళు వదిలి వచ్చిన కుర్రవాళ్ళు ఎక్కువగా ఉండేది అక్కడే. ఆవిడ తండ్రి డెబ్భైలలో మద్రాసులో ఎడిటింగు సహాయకుడు. పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. వృద్ధ కళాకారులకిచ్చే సహాయానికి దరఖాస్తు పెడితే, సినిమాల్లో పనిచేసినట్టు ఆధారం తెమ్మన్నారట. ఎవరో కుర్రవాడు నా సైటు చూపించాడు. "నాన్న పేరు ఎక్కడైనా ఉందేమో చూడండి సార్" అంది.

రెండు పెట్టెలూ వంచి వెతికాను. రెండు పుస్తకాల్లో దొరికింది. ఒకదాంట్లో ఇంటిపేరు పొడి అక్షరం తప్పు పడింది. ఆ పుటలను స్కాను చేసి ప్రింటు తీసి ఇచ్చాను. ఆవిడ ఆ చీమతలంత అక్షరాల మీద వేలు పెట్టి చాలాసేపు చూసింది. ఆ కాగితం పనికివచ్చిందో లేదో మళ్ళీ చెప్పలేదు, నేనూ అడగలేదు. కాని ఆ రోజంతా గాలిలో నడిచాను. ఇన్నేళ్ళ రాత్రుళ్ళకు ఇంతకన్నా కావలసిందేముంది అనుకున్నాను.

ఆ తరువాత అదే వాడనుంచీ చుట్టుపక్కలనుంచీ మరి ఏడుగురు వచ్చారు. నలుగురి పేర్లు దొరికాయి. ముగ్గురివి దొరకలేదు.

ఆ ముగ్గురిలో ఒకాయన స్వయంగా వచ్చాడు. దుస్తుల విభాగంలో పాతికేళ్ళు చేశానన్నాడు. ఏయే సినిమాలో, ఏ హీరోకు ఏ రంగు కోటు కుట్టారో, ఆ కోటుకు గుండీలు ఎక్కడ కొన్నారో చెప్పాడు. అబద్ధం చెప్పేవాడికి గుండీల సంగతి గుర్తుండదు. కాని నా పుస్తకాల్లో ఆయన పేరు లేదు. "లేదండీ" అన్నాను. లేకపోవడానికి వంద కారణాలుంటాయనీ, అప్పట్లో సహాయకులందరి పేర్లూ వేసేవారు కారనీ, నా దగ్గర ఉన్నది సముద్రంలో కాకిరెట్టంతేననీ వివరించాను. ఆయన అంతా విని, "మీ దాంట్లోనే లేదంటే ఇంకెక్కడుంటుంది లెండి" అని లేచి వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి కంప్యూటరు ముందు కూర్చోబుద్ధి కాలేదు. ఆ మర్నాడూ కాలేదు. నన్ను ఉడిగించింది ఆ ఒక్క వాక్యం. నా "లేదు" ఆయన చెవికి నా మాటగా వినబడలేదు. పరిశ్రమ మాటగా వినబడింది. తొంభై ఏళ్ళ చరిత్ర, వేల సినిమాలు, ఇన్ని స్టూడియోలు, ఇన్ని సంఘాలు, వీటన్నిటి తరఫునా "నువ్వు లేవు" అని చెప్పే అధికారం రెండు ట్రంకుపెట్టెల మనిషికి ఎవరిచ్చారు? ఎవరూ ఇవ్వలేదు. ఖాళీగా ఉన్న కుర్చీ పక్కన నిలబడినందుకు జనమే నన్ను అందులో కూర్చోబెట్టారు. ఫ్రాయిడెన్‌బర్గర్ గారి ఉచిత వైద్యశాలలో జరిగింది కూడా ఇదేనని నా ఊహ. తలుపు తీసి ఉన్నది ఆ ఒక్కటే గనుక ఊరి రోగాలన్నీ అక్కడికే వస్తాయి.

ఇప్పుడు 'సేవ' దగ్గరికి వస్తాను. సరదా అంటే నా ఇష్టం ఉన్నప్పుడు చేస్తాను, లేనప్పుడు మానేస్తాను. సేవ అంటే అలా కుదరదు. మన వాడుకలో సేవ అన్నది దేవుడికి. ధూపదీపనైవేద్యాలకు ఆదివారం సెలవుండదు, అర్చకుడికి ఒంట్లో బాగాలేకపోయినా గుడి తలుపు తెరవాలి. సరదాగా చేసుకునే పనికి ఆ పేరు పెట్టిన మరుక్షణం మానే స్వేచ్ఛ పోతుంది, జీతం మాత్రం రాదు. ఇష్టం మిగలకుండా, జీతం లేకుండా, మానడానికి వీల్లేకుండా చేసేదానికి మన పల్లెల్లో వేరే పేరుంది. వెట్టి అంటారు. పొగడ్తతో మొదలైన వెట్టి ఇది ఒక్కటేనేమో.

పైగా ఆ పొగడ్త వల్ల అసలు కుర్చీలో కూర్చోవలసినవారికి హాయి. "పాతవాటికి ఆయనెవరో ఉన్నాడు కదా, సేవ చేస్తున్నాడు" అని ఇక ఆ విషయం మరిచిపోవచ్చు. కోట్లు పెట్టి సెట్లు వేసే చోట, పేర్ల రిజిస్టరు ఒక్కటి రాయడానికి ఒక గుమాస్తా జీతం దొరకదని నేను నమ్మను. అవసరం అనిపించలేదంతే. ఒంటరివాడి సరదా ఎంత బాగా నడిస్తే ఆ అవసరం అంత వెనక్కి పోతుంది.

ఇతరులు ఏం చేశారో చూశాను. 1990లో కోల్ నీధమ్ అనే ఇంగ్లీషు కుర్రవాడు తోటి ఔత్సాహికులతో కలిసి పోగుచేసిన సినిమాల జాబితాలే ఐఎండీబీ అయ్యాయి. 1998లో అమెజాన్ కొనేసింది. మన హైదరాబాదులోనే 1999లో జీవి గారు మొదలుపెట్టిన ఐడిల్‌బ్రెయిన్ వృత్తిగా మారి నిలబడింది. కొత్త సినిమాకు ప్రకటనలుంటాయి గనుక అది సాధ్యం. చీమతలలకు ఎవరు ప్రకటన ఇస్తారు? 2008లో వెంకట్ సిద్దారెడ్డి గారి చొరవతో వచ్చిన నవతరంగం ఎంత సందడి చేసిందో మీకు తెలుసు. కొన్నేళ్ళకు ఆగింది. ఆగినంత మాత్రాన వ్యర్థమైందని ఎవరనగలరు? 1998 నుంచి ఈమాట నడుస్తున్నదంటే, సంపాదకులు మారుతూ, బరువు భుజంనుంచి భుజానికి మారుతూ రావడమే కారణమని నా అంచనా. తమిళనాట 'ఫిల్మ్ న్యూస్' ఆనందన్ గారు ఒంటిచేత్తో కూర్చిన తమిళ సినిమా వివరాలు 2004లో పుస్తకంగా వచ్చాయి, ఆయన సేకరణను ప్రభుత్వం తీసుకుంది. 2016 మార్చిలో ఆయన పోయారు. తీసుకున్న సేకరణను ప్రభుత్వం ఎంత బాగా చూసుకుందన్నది వేరే చర్చ. కనీసం తీసుకోవలసిన వస్తువు అని ఒక ప్రభుత్వానికి తోచింది.

ఒక మిత్రుడు నాతో గట్టిగా వాదించాడు. "మొదలుపెట్టమని నిన్నెవరూ అడగలేదు. పెట్టాక, నీమీద ఆధారపడ్డవారిని వదిలేసే హక్కు నీకు లేదు" అని. కొట్టిపారేయదగ్గ మాట కాదు. కృష్ణానగర్ ఆవిడలాంటి మనిషి రేపు వస్తే ఎవరి దగ్గరికి వెళ్ళమంటాను? దానికి నా దగ్గర పూర్తి సమాధానం లేదు. కాని నా బాధ్యత ఆ పుస్తకాల పట్ల, వాటిలోని పేర్ల పట్ల. అవి నాశనం కాకుండా, నలుగురికీ అందే చోట ఉంచిపోవాలి. నేనే, నా ఇంట్లోనే, నా రాత్రుళ్ళలోనే వాటికి జవాబులు చెబుతూ ఉండాలన్నది ఆ బాధ్యతలో భాగం కాదు. తాళంచెవి అప్పగించడం వేరు, తలుపు మూసేసి పోవడం వేరు. ఒక్క రాత్రిలో సైటు మొత్తం చెరిపేసి మాయమైన మిత్రులు నాకు తెలుసు. వారి కోపాన్ని అర్థం చేసుకుంటాను, వారి పనిని మాత్రం సమర్థించను.

అందుచేత వచ్చే ఉగాదితో సైటులో కొత్త పట్టికలు చేర్చడం మానేస్తున్నాను. ఉత్తరాలకు జవాబులు ఇప్పటికే మానేశాను. పాత పట్టికలన్నీ మామూలు టెక్స్టు ఫైళ్ళుగా చేసి, ఎవరైనా దించుకునేలా ఒకేచోట పెడుతున్నాను. తెలుగు వికీపీడియాలోని సినిమా వ్యాసాలకు వాటినుంచి పేర్లు ఎక్కించేవారు ఎక్కించవచ్చు, నా అనుమతి అక్కరలేదు, నా పేరు వేయనక్కరలేదు. ప్రతి పట్టిక పైనా ఒక వాక్యం చేర్చాను: "ఈ పట్టికలో పేరు లేనంత మాత్రాన ఆ మనిషి పనిచేయలేదని అర్థం కాదు." గుండీల సంగతి చెప్పిన పెద్దాయన చెప్పినవన్నీ, సినిమాల పేర్లతో సహా, ఆయన మాటగానే ఒక పుటలో రాసి పెట్టాను. ఏ పుస్తకంలోనూ లేదు గనుక అక్కడైనా ఉండనీ.

మీకు ఒకటే మనవి. దీని కింద "ఆపకండి, మీ సేవ కొనసాగించండి" అని రాయకండి. ఆ వాక్యం రాయడానికి పట్టే సమయంలో ఒక పాటల పుస్తకం పేర్ల పుటలో సగం టైపు చేయవచ్చు. రెండు పెట్టెల్లో ఒకటి ఇవ్వడానికి సిద్ధంగా ఉంది. మోయడానికి ఇద్దరు కావాలి, మా ఇంటి మెట్లు ఇరుకు. ఎడిటింగు సహాయకుల పట్టిక 1978 దాకా అయింది. 1979 పుస్తకాలు పెట్టెలో పైనే ఉన్నాయి.